త్రోవ చూచి బయలుదేరుట



మన యిండ్లలో ప్రయాణమన్న మాట పుట్టగానే మొదట పంచాంగము చేతికి వచ్చును. ఆ దిక్కునకు వారశూల కలదా, వర్జ్యమెప్పుడు విడుచును, రాహుకాలమునకు ముందే గడప దాటవచ్చునా యని పెద్దలు విచారింతురు. వాకిట ముత్తైదువ యెదురైన సంతసింతురు. ఎవరైన తుమ్మినచో కొంచెము సేపు కూర్చుండి, మంచినీరు త్రాగి, పిమ్మట లేతురు. ఈ యాచారముల మంచిచెడ్డలను తర్కింప మేము పూనుకొనలేదు. కాని వీనియన్నిటి యందును ఒక బుద్ధి దాగియున్నది. కాలు బయట పెట్టుటకు ముందు ఒక్క నిమిషము నిలువవలెను, ముందేమున్నదో విచారింపవలెను. మన పూర్వులకు పది క్రోసుల యవతలి త్రోవను చూచు సాధనము లేదు గనుక తిథినక్షత్రములను చూచిరి, శకునమును చూచిరి. నేడు త్రోవనే చూచు సాధనము వచ్చినది. ఈ మాసము దానిని గూర్చియే నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

దీనికి కారణము మాకు వచ్చిన యొక జాబు. వ్రాసినది మన జిల్లాకు చెందిన సోదరియే. ఆమె కూతురును అల్లుడును ఫిన్లాండు దేశమున ఔలు అను పట్టణమున కాపురమున్నారు. అల్లుడు ఉద్యోగపు పనిమీద చలికాలమునందును రోవనియెమి అను ఊరికి కారులో పోయి వచ్చుచుండును. త్రోవ 200 కిలోమీటర్లకు పైమాటయే. అతడు బయలుదేరిన నాడు ఇచ్చట నీ తల్లికి అన్నము సహించదు. "అచ్చటి రోడ్లను చూపు కెమెరాలున్నవట. నీవు వేంపల్లెలో కూర్చుండియే చూడవచ్చునని మా యమ్మాయి చెప్పుచున్నది. అక్కా! చూచిన నాకు భయము హెచ్చునా, తగ్గునా? చూచి నేను చేయగలిగినది యేమున్నది?" అని యామె యడిగినది. ప్రశ్న ఒక యింటిదే గాని, బిడ్డలు దూరదేశములందున్న తల్లులు నేడు మన సీమలో ఇంటింటను ఉన్నారు. అందుచే అందరకును పనికివచ్చునట్లుగా ఇచ్చట బదులు వ్రాయుచున్నాము.

మొదట ఆ దేశపు చలి యెట్టిదో తెలిసికొనవలెను. మా పంతులుగారు బడిపిల్లలకు చూపు భూగోళపు పటమును దించి చూచితిమి. భూమికి ఉత్తరపు కొసను చుట్టి ఆర్కిటిక్ వలయమను రేఖ కలదు. అది సుమారు 66½ డిగ్రీల అక్షాంశమున నున్నది. రోవనియెమి ఆ రేఖకు ఆనుకొనియే యున్నది. ఔలు కొంచెము దిగువన నున్నది. ఇంకను ఉత్తరమునకు పోయి ఉత్సియోకి యను తావు చేరితిమా, అచ్చట నవంబరు మాసాంతము మొదలు జనవరి నడిమి వరకు సూర్యుడు ఉదయింపనే యుదయింపడు. నడిపగలు కొంత సందెవెలుగు కానవచ్చును, అంతటితో సరి. మన కడప జిల్లాలో మే నెల యెండకు గొడుగు పట్టి నడుచు మనకు, సున్నకు దిగువన ఇరువది ముప్పది డిగ్రీల చలియన్న ఊహకందదు. ఆ చీకటిలో, ఆ చలిలో, వారు పిల్లలను బడికి పంపవలెను, పనులకు పోవలెను, ఆసుపత్రికి పోవలెను. బ్రతుకు ఆగదు.

మన భాషలో మంచు అన్నది ఒక్క మాట. ఉదయమున పైరుపై మెరయునదియు మంచే, కనుమలను కప్పునదియు మంచే, హిమాలయముపై నుండునదియు మంచే. కారు నడుపువానికి మాత్రము ఇవి వేఱువేఱు శత్రువులు. ఆకాశమునుండి దూదివలె రాలు మంచు త్రోవ గుర్తులను కప్పివేయును. రాలిన దానిని గాలి లేపినపుడు నేలయు నింగియు ఏకమై తెల్లని గోడవలె నిలుచును. కారు ముందటి దీపము వెలుగు దానికే తగిలి తిరిగి కన్నులలో పడును. అన్నిటికంటె చెడ్డది గడ్డకట్టిన పలుచని పొర. అది అద్దమువలె స్వచ్ఛముగా నుండి క్రింది తారునే చూపును గనుక, త్రోవ ఉత్త తడిగా నున్నదని భ్రమ కలుగును. మన యెఱ్ఱగుంట్ల నాపరాళ్లు పరచిన వాకిటిలో కుంకుడురసము ఒలికిన చోటు చూపునకు తెలియునా? కాలు జారిన పిమ్మట తెలియును. ఇదియు నట్టిదే. అట్టి మంచుపై పోవు బండిని ఆపవలెనన్న, పొడి త్రోవపై పట్టు దూరమునకు ఎనిమిది పది రెట్ల దూరము పట్టవచ్చును.

మఱియొక వింత. చలి మిక్కుటమైన నాటికంటె, సున్న డిగ్రీలకు అటునిటు ఉన్ననాడే మంచు ఎక్కువ జారును. దానిపై సన్నని నీటిపొర తేలియుండుటయే అందుకు కారణము. నిర్మలమైన రాత్రులందు త్రోవ తన వేడిమిని ఆకాశమునకు విడిచి, గాలికంటెను చల్లబడును. కావున గాలి సున్నకు మీద రెండు డిగ్రీలున్నను, త్రోవ సున్నకు దిగువకు పోయి గడ్డ కట్టవచ్చును. ఇంటి గోడపైని ఉష్ణమాపకమును చూచి "ఫరవాలేదు" అనుకొనువాడు మోసపోవుట ఇట్లే. కొంచెము చలిలో ఉప్పు చల్లి మంచును కరగింతురు. చలి మిక్కుటమైనచో ఉప్పు పనిచేయదు గనుక ఇసుకయు సన్నని కంకరయు చల్లుదురు.

ఇట్టి త్రోవలకు ఆ దేశములవారు కన్నులు అమర్చిరి. రోడ్డు ప్రక్క ఎత్తైన స్తంభముపై కెమెరా నిలిపి, త్రోవ ఇరుదిక్కులకును, కొన్ని చోట్ల నేరుగా రోడ్డు మీదికిని త్రిప్పియుంతురు. అనేక స్థలములందు దాని చెంతనే గాలి వేడిమి, త్రోవ వేడిమి, గాలి వడి, వాన మంచుల జాడ కొలుచు యంత్రములుండును. ఫిన్లాండులో ఫిన్‌ట్రాఫిక్ అను ప్రభుత్వపు సంస్థ ఇట్టి వందలకొలది కెమెరాల చిత్రములను సుమారు పది నిమిషముల కొకమారు మార్చుచు, అంతర్జాలమున అందఱకును ఉచితముగా చూపుచున్నది. నార్వే, స్వీడను, ఐస్లాండు దేశముల రహదారుల శాఖలును ఇదే పని చేయుచున్నవి. ఐస్లాండులో 1777 అను సంఖ్యకు ఫోను చేసి త్రోవ స్థితిని అడుగవచ్చును. అమెరికావారి అలాస్కాలో 511 అను సేవ కలదు. ఉత్తర సముద్రమువైపు పోవు 666 కిలోమీటర్ల డాల్టన్ రహదారివంటి నిర్జనమైన త్రోవలందు ఆ సమాచారమే ప్రాణాధారము. ఈ కెమెరాలు జనులను పట్టుకొనుటకు పెట్టినవి కావు. త్రోవను చూపుటకే పెట్టినవి.

నార్వేలోని మన తెలుగువారు తమ కూటమికి "వీధి అరుగు" అని పేరు పెట్టుకొనిరని విని మాకు ముచ్చట కలిగినది. మన జేజమ్మలు అరుగుపై కూర్చుండి వత్తులు చేసికొనుచునే వీధినంతయు కనిపెట్టుచుండెడివారు. "ఇప్పుడు పోవద్దు నాయనా, ఎద్దులు బెదరినవి, కొంచెము తాళి పొమ్ము" అని బాటసారికి చెప్పెడివారు. మనుష్యులు కనబడని ఆ ఉత్తరపు త్రోవలందు ఈ కెమెరాయే అరుగుమీది జేజి యనుకొనిన, దాని యుపయోగము మనకు బాగుగా బోధపడును. అయితే జేజి నోరు విప్పి చెప్పును. కెమెరా చెప్పదు, చూపును మాత్రమే. చూచి తెలిసికొనవలసిన పని మనదే. ఆ చూచు విధమును కొంత నేర్చుకొనవలెను.

మొదటిది, చిత్రముపై వ్రాసియున్న వేళను చూడవలెను. యంత్రము చెడి నిన్నటి చిత్రమే నిలిచిపోవుట కలదు. వేళ చూడక చిత్రమును నమ్ముట, పోయిన యేటి పంచాంగమును నమ్ముటతో సమానము. అందులో వేళ ఆ దేశపుదై యుండునని మఱవకూడదు. చలికాలమున ఫిన్లాండునకు మనము మూడున్నర గంటలు ముందున్నాము. నార్వే స్వీడనులకు నాలుగున్నర గంటలు, ఐస్లాండునకు ఐదున్నర గంటలు ముందు. ఫిన్లాండులో ఉదయము 6 గంటలైనపుడు మనకు 9.30 అగును. అనగా, అల్లుడు తెల్లవారి బయలుదేరు వేళకు ఇచ్చటి తల్లి వంట ముగించి తీరికగా కూర్చుండియుండును.

రెండవది, ఆ తావు మంచిదినమున ఎట్లుండునో ముందుగా ఎఱిగియుండవలెను. అలాస్కాలో చిన్న విమానములు నడుపువారి కొఱకు పెట్టిన కెమెరాల చెంత, నేటి చిత్రము ప్రక్కనే నిర్మలమైన నాటి చిత్రమును కూడ చూపుదురు. అందు ఫలానా కొండ యింత దూరమున నున్నదని గుర్తించియుందురు. నేడు ఆ కొండ కనబడలేదన్నచో చూపు ఎంత దూరము పాఱుచున్నదో వెంటనే తెలియును. బిడ్డ ముఖము ఆరోగ్యదశలో ఎఱిగిన తల్లికే జ్వరపు కళ పోల్చుట తెలియును గదా!

మూడవది, ఒక్క చిత్రముతో తృప్తిపడరాదు. త్రోవ వెంబడి ఉన్న కెమెరాలన్నిటిని వరుసగా చూడవలెను. ఊరిచెంత త్రోవ నల్లగా, శుభ్రముగా నున్నను, ఎత్తైన కనుమ దగ్గఱ తెల్లగా మూసికొనిపోయి యుండవచ్చును. ప్రయాణపు బలము దాని మిక్కిలి చెడ్డ తావును బట్టియే లెక్కింపవలెను. చక్రముల జాడలు నల్లగా తేలియున్నవా, మంచులో మునిగియున్నవా, ముందు పోయిన బండ్లు కనబడుచున్నవా, రోడ్డు అంచున పాతిన కఱ్ఱలు ఎన్ని లెక్కకు వచ్చుచున్నవి అని చూచిన చాలును.

నాలుగవది, కెమెరా చూపలేనిది కలదని తెలిసియుండవలెను. స్వచ్ఛమైన మంచుపొర చిత్రమునకు దొరకదు. అందుచే చిత్రము ప్రక్కనున్న త్రోవ వేడిమి అంకెను తప్పక చదువవలెను. అది సున్నకు చేరువగా నుండి, త్రోవ తడిగా కనబడినచో అనుమానింపవలెను. రెయిన్‌డీరు లనెడి జింకలు మందలుగా త్రోవకడ్డముగా వచ్చుటయు కెమెరా ముందుగా చెప్పజాలదు. ఇక అద్దముపై మంచు పేరుకొని చిత్రమే కనబడని నాడు, అదియే ఒక సమాచారము: అచ్చట కెమెరాకే త్రోవ కానరాలేదు, మనిషి కన్నులకు కానవచ్చునా?

ఇంతవరకు చూచుట. కాని మేము చెప్పదలచిన ముఖ్యవిషయము చూచుటలో లేదు, చూచిన పిమ్మట చేయుటలో నున్నది. మహాభారతమును తలంచుకొనుడు. యుద్ధమును కన్నులార చూచెదవా, చూపు నిచ్చెదనని వ్యాసమహర్షి ధృతరాష్ట్రునడిగెను. తనవారి చావును చూడజాలనని యతడు నిరాకరింపగా, ఆ దివ్యదృష్టి సంజయునకు లభించెను. సంజయుడు ఉన్నదున్నట్లు చెప్పెను. రాజు విని విని యేడ్చెను. ఒక్క ప్రాణమైనను దక్కినదా? దక్కలేదు. ఏలన, ఆ చూపు యుద్ధము నిశ్చయమైన పిమ్మట వచ్చినది. అంతకు ముందే విదురుడు హితము చెప్పియున్నాడు. నాడు ఆపియుండిన ఆగియుండును. కావున బయలుదేరిన పిమ్మట గడియకొక మారు కెమెరా చూచుచు గుండె పట్టుకొనుట సంజయుని మాట వినుట వంటిది. బయలుదేరుటకు ముందు చూచి, "నేడు వలదు" అనుట విదురుని మాట వినుట. మనకు కావలసినది రెండవది.

ఆ దేశములవారు ఈ మాటను బాగుగా వంటబట్టించుకొనిరి. ఫిన్లాండులో నవంబరు మొదలు మార్చి వరకు, వాతావరణమునకు త్రోవకు అవసరమైనపుడెల్ల, చలికాలపు టైర్లు తప్పనిసరి. వేగము గంటకు 100 కిలోమీటర్లకు అనుమతి యున్న త్రోవలు పెక్కింటిలో చలికాలమున దానిని 80 కి తగ్గింతురు. నార్వేలో ఆర్కిటిక్ వలయమును దాటు సాల్ట్‌ఫియెల్ కొండత్రోవపై గాలి హెచ్చినచో రోడ్డునకు అడ్డుకఱ్ఱ దించుదురు. కొన్ని వేళలందు మంచు త్రోయు పెద్ద బండి ముందు నడువగా, దాని వెనుక కార్లన్నియు ఒకదాని వెనుక నొకటి పెండ్లి ఊరేగింపువలె మెల్లగా సాగును. బండి వచ్చువరకు అందఱును కాచుకొనవలసినదే. తుపాను మిక్కుటమైన నాడు అదియు లేదు, త్రోవ మూయబడును. అచ్చట ఆలస్యముగా వచ్చినవానిని ఎవ్వరును ఎత్తిపొడువరు. ఔలునుండి రోవనియెమికి రైలుమార్గము కూడ కలదు. త్రోవ బాగుండని నాడు రైలెక్కుట, లేదా మఱునాటికి వాయిదా వేయుట అవమానము కాదు.

ఇప్పుడు జాబు వ్రాసిన సోదరికి మా మాట. అమ్మా! అల్లుడు బయలుదేరు నాటి ముందటి రాత్రియు, ఆ యుదయమును మీరును మీ యమ్మాయియు కలిసి చిత్రములను చూడుడు. అనుమానము తోచినచో మీరే ముందుగా "నాయనా, నేడు పోకున్న నేమి? పై అధికారికి చెప్పి రేపు పోవచ్చును" అని యనుడు. కొత్తగా ఉద్యోగమున చేరిన పరదేశపు పిల్లవాడు "పోలేను" అనుటకు సంకోచించును, పిఱికివాడనుకొందురని బిడియపడును. అత్తవారి నోట వచ్చిన ఆ యొక్క మాట వానికి పెద్ద బలము. కాని ఒక్కసారి బయలుదేరినచో, దయచేసి ఫోను చేయకుడు. మంచుత్రోవపై నున్నవాడు ఫోను మ్రోగగానే చూపు త్రిప్పును. మీ ప్రేమయే వానికి అపాయమగును. చేరినవెంటనే తానే కబురు చేయవలెనని నియమము పెట్టుకొనుడు. చేరవలసిన వేళకు మఱి రెండు గంటలు కలిపి లెక్కించుకొనుడు. నెమ్మదిగా పోవుట వలన ఆలస్యమగును; అట్టి ఆలస్యము శుభమే.

దూరపు మంచును గూర్చి యింత చదివిన సోదరీమణులు "మనకిది యేల?" అని యనుకొనకుందురు గాక. మన త్రోవలకు మంచు లేదు గాని వంకలు కలవు. మన పాపాఘ్ని యేడాదిలో పెక్కు మాసములు ఇసుకదిన్నెయై యుండును. మేకలు దానిలో నడచిపోవును. అది కన్నడదేశపు నంది కొండల ప్రాంతమున పుట్టి, వెలిగల్లు జలాశయమును దాటి, మన గండి కనుమలో శేషాచలపు కొండలను చీల్చుకొని, కమలాపురము చెంత పెన్నలో కలియును. పైన ఎచ్చటనో కురిసిన వాన, ఇచ్చట ఆకాశము తేటగా నున్నపుడే వచ్చి పడవచ్చును. 2021 నవంబరులో వెలిగల్లునుండి వదలిన నీటికి పాపాఘ్ని పొంగగా, కడపనుండి తాడిపత్రికి పోవు త్రోవలో కమలాపురము చెంతనున్న వంతెనయే కూలినది. అదే మాసము 19వ తేదీన రాజంపేట ప్రాంతమున చెయ్యేటిపైని అన్నమయ్య జలాశయపు కట్ట తెగి, ఊళ్లు మునిగి, ఆర్టీసీ బస్సులు సైతము వరదలో చిక్కుకొని, ఎందఱో ప్రాణములు కోలుపోయిరి. ఆ యుదయమున బస్సెక్కినవారును మనవలెనే సంచి సర్దుకొని, ఇంటివారికి చెప్పి బయలుదేరినవారే.

చప్టాపై పాఱు నీటిని మనము తేలికగా చూతుము. "మోకాలి లోతే గదా" అందురు. నిలిచిన నీటికిని పాఱు నీటికిని భేదము చాల గలదు. వడిగా పాఱు నీరు అరయడుగున్నను నిలుచున్న మనిషిని పడద్రోయగలదు. అడుగు లోతున్నచో చిన్న కార్లు తేలిపోవును. రెండడుగులైనచో పెద్ద బండ్లును కొట్టుకొనిపోవును. పైగా ఎఱ్ఱనీటి క్రింద చప్టా యున్నదో, కోసికొనిపోయినదో పైనుండి తెలియదు. నల్లని తారుపై కానరాని మంచుపొర యెట్టిదో, ఈ ఎఱ్ఱనీటి క్రింది గుంట యట్టిదే. మబ్బుగల రాత్రులందు బండి దీపము వెలుగున నీరును త్రోవయు ఒక్కటిగానే కనబడును.

మా ప్రాంతమున ఒక వంక చెంత టీ కొట్టు పెట్టుకొని జీవించు నొక యిల్లాలు కలదు. వానకాలమున అటు పోవలసినవారు ఆమెకు ఫోను చేయుదురు. "అక్కా, నీరు తెల్లరాళ్లు దాటినదా?" అని యడుగుదురు. చప్టా ప్రక్కనున్న సున్నము పూసిన రాళ్లే ఆమెకు కొలత. "రెండు రాళ్లు మునిగినవి, రావద్దు" అనిన వారు ఆగుదురు. ఒకనాటి సాయంకాలము పెండ్లివారి ఆటోలు రెండు ఆమె మాట విని ఇవతలి ఊరిలోనే నిలిచిపోయినవి. పెండ్లికూతురి మేనత్తలు తలంబ్రాల వేళకు చేరలేదని కొంత రుసరుసలు వినబడినవి. తెల్లవారుసరికి వంక తగ్గినది. అందఱును సుఖముగా చేరి వధూవరులకు అక్షతలు వేసిరి. ఆ యిల్లాలికి జీతము లేదు, బిరుదు లేదు. ఉత్తరదేశములందు స్తంభముపై కెమెరా చేయు పనియే ఆమె కొట్టు ముంగిట నిలిచి చేయుచున్నది. అంతేకాదు, కెమెరా చేయలేని పనియు చేయుచున్నది: "రావద్దు" అని నోట చెప్పుచున్నది.

ఆ రుసరుసలను గూర్చియే మేము కొంచెము గట్టిగా చెప్పవలసియున్నది. మన మగవారు వంకలో బండి దింపుట కేవలము దుడుకుతనము చేతనే యని యనుకొనకుడు. చాల సారులు వెనుకనుండి త్రోయునది ఇంటి మాటయే. "ముహూర్తము మించిపోవును", "సీమంతమునకు పుట్టింటివారు రాకున్న నలుగురేమందురు", "మా యక్కకొడుకు వచ్చినాడు, మీరే రాలేదు" అను మాటలు మన నోటివే. ఆలస్యమైనచో కోడలిని ఎత్తిపొడుచుట, రానిచో సంవత్సరముల తరబడి దెప్పుట మన కుటుంబములలో నేటికిని కలవు. ఆ దెప్పుల భయము వలన ఎన్ని బండ్లు నీటిలో దిగుచున్నవో యోచింపుడు. పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలబడి నీళ్లు త్రాగుట మేలను సామెత మనదే గదా! అది నోట నుండిన చాలదు; పిలుపు పంపు నాడే "వాన పడినచో రాకున్నను మేము నొచ్చుకొనము" అని చెప్పగల ఇల్లాలే ఆ సామెతను ఎఱిగినది.

ఇంటింటను చేయదగిన పనులు కొన్ని చెప్పెదము. మీరు తఱచు పోవు త్రోవలందు ఎన్ని వంకలు, ఎన్ని చప్టాలు కలవో వ్రాసియుంచుడు. ప్రతి వంక ఒడ్డునను నివసించు బంధువుల యొక్కయో, అంగడివారి యొక్కయో ఫోను సంఖ్యను గోడపైని పంచాంగపు ప్రక్కనే అంటింపుడు. ఎండకాలమున పోవునపుడు చప్టా రాళ్లను పిల్లలకు చూపి లెక్క పెట్టింపుడు. వరదనాడు ఎన్ని మునిగినవో తెలియును. పై జలాశయమునుండి నీరు వదలెదమని దండోరా వేసినను, ఫోనునకు సందేశము వచ్చినను, ఎండ కాయుచున్నదని అశ్రద్ధ చేయకుడు. బడి బండి నడుపువానితో, నీరు పాఱుచున్న నాడు బిడ్డ యింటికి రాకున్నను పంతులమ్మ యింటనో, చుట్టాల యింటనో ఉంచుమని ముందే మాట కలుపుకొనుడు. చీకటి పడిన పిమ్మట పాఱు వంకను దాటుట లేదని ఇంట ఒక కట్టు పెట్టుకొనుడు. మీ పొదుపు సంఘమువారు కూడి, చప్టాల వద్ద అడుగుల గీతలు వ్రాసిన కొలతరాతిని పాతింపవలెనని గ్రామపంచాయతికి అర్జీ వ్రాయుడు. ఊరిలో వీధివీధికి కెమెరాలు పెట్టు ఈ దినములలో, వంకవైపు ఒకదానిని త్రిప్పి, చిత్రమును ఊరివారందఱు చూచునట్లు చేయుడని యడుగుట అత్యాశ కాదు.

సోదరి యడిగిన ప్రశ్నలో ఒకటి మిగిలియున్నది: చూచిన భయము హెచ్చునా, తగ్గునా? మాకు తోచినది చెప్పెదము. చేయుటకు పని లేని భయము రాత్రియంతయు పెరుగును. పని దొరికిన భయము జాగరూకత యగును. తెలియని చీకటిలో అల్లుడెచ్చటనో పోవుచున్నాడని తలంచుటకంటె, ఆ చీకటిలో త్రోవ ప్రక్క కఱ్ఱలు పది లెక్కకు వచ్చుచున్నవి, గాలి తక్కువగా నున్నది, త్రోవ వేడిమి సున్నకు చాల దిగువనున్నది గనుక నీటిపొర లేదు అని తెలిసికొనిన తల్లి కొంత కుదుటపడును. అట్లు తెలియని నాడు ఆపివేయవచ్చును. ఆపుటకు మీకు గల యధికారమే ఆ కెమెరా యిచ్చిన వరము.

ఈ కార్తిక మార్గశిరములలో మన వైపు తుపాను వానలు, అచ్చట మంచు, ఒక్కమారే వచ్చును. ఇచ్చటి వంక యొడ్డుననైనను, అచ్చటి మంచు త్రోవననైనను, మనవారు బయలుదేరునపుడు దిష్టి తీసి, కుంకుమ పెట్టి, "క్షేమముగా పోయి లాభముగా రమ్ము" అని దీవింతుము. ఈ సంవత్సరము నుండి ఆ దీవెనకు ముందు "త్రోవ చూచితివా?" అను మాట చేర్చుడు. చూచినది బాగులేకున్న చెప్పులు విడిపించి లోపలికి పిలిచి, వేడిగా నింత అన్నము పెట్టుడు. ప్రయాణము రేపునకు నిలుచును.